చలికాలం ఎగ్జిమాకు ఏది మేలు: కొబ్బరి నూనా, పెట్రోలియం జెల్లీనా, క్రీమా?

కార్తీకం దాటి చలి ముదిరిందంటే ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎర్రబడి గరుకు తేలుతుంది. నిద్రలోనే గోకేసుకుంటారు, తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు చారలు. వాళ్ల చర్మానికి తేమను పట్టి ఉంచే శక్తి ముందే తక్కువ, పైగా పొడి గాలి. అందుకే డాక్టర్ ఏ మందు ఇచ్చినా, రోజూ మాయిశ్చరైజర్ కూడా రాయమంటారు. అది ఏదన్న దగ్గరే ఇంట్లో పేచీ.

మన ఇళ్లలో ముందు చెయ్యి వెళ్లేది కొబ్బరి నూనె సీసా మీదికే. అదేం తప్పు కాదు. ఫిలిప్పీన్స్‌లో ఒక మోస్తరు ఎగ్జిమా ఉన్న పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కంటే వర్జిన్ కొబ్బరి నూనే బాగా పనిచేసింది. అయితే వాళ్లు వాడింది స్వచ్ఛమైన నూనె, సువాసన కలిపిన తలనూనె కాదు. మాడు మీద జిడ్డు పొట్టు రాలే రకం చుండ్రుకు మాత్రం నూనె పెట్టకపోవడమే మంచిది, దానికి కారణమైన ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ నూనె కొవ్వుల మీదే పెరుగుతుంది. ఖరీదైనది కదా మంచిదేమోనని ఆలివ్ నూనె రాసేవాళ్లున్నారు. అది చర్మం పై పొరను దెబ్బతీస్తుందని 2013లోనే తేలింది.

తేమను ఆపడంలో పెట్రోలియం జెల్లీని మించింది లేదు. చవక. రంగూ వాసనా కలపని రకం తెచ్చుకుంటే పగిలిన చర్మం మీద మంట కూడా తక్కువ. కానీ జిగట. యూనిఫాం వేసుకుని బడికెళ్లే పిల్లాడు పొద్దున్నే రాయించుకోమంటే పారిపోతాడు. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: ఇలాంటి జిడ్డు పట్టిన బట్టలకూ దుప్పట్లకూ నిప్పంటుకుంటే చాలా త్వరగా మండుతాయి. పొయ్యి దగ్గరా, చలిమంట దగ్గరా జాగ్రత్త.

సెరమైడ్లు, అంటే చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు, ఉన్న క్రీములు ఒంట్లోకి తొందరగా ఇంకిపోతాయి, బట్టలకు అంటవు. ధరే ఎక్కువ. ఆ ధరకు జడిసి బఠాణీ గింజంత తీసి ఒళ్లంతా పులిమితే ఏం లాభం? ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములు పట్టొచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఇళ్లలో చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే సరిపడా రాయడం లేదన్నమాటే.

ఇంగ్లండ్‌లో 550 మంది పిల్లలకు లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్ (పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు రకం) ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో ఎగ్జిమా తగ్గడంలో నాలుగింటికీ పెద్ద తేడా కనబడలేదు. కాబట్టి నా మాట ఇది: పగలు క్రీమ్, రాత్రి జెల్లీ. అంత డబ్బు పెట్టలేకపోతే రెండు పూటలా జెల్లీయే, ఏ మొహమాటమూ అక్కర్లేదు. కొబ్బరి నూనెను పొడిబారడం కొద్దిగానే ఉన్నప్పుడు వాడుకోవచ్చు, పుళ్లు పడి రసి కారుతుంటే దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఎండలు ముదిరాక జెల్లీ కింద చెమట చిక్కుకుని చిటపటలాడుతుంది, అప్పుడు క్రీమ్‌కో లోషన్‌కో మారాలి.

ఏది వాడినా స్నానం పొగలు కక్కే నీళ్లతో వద్దు. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు. దురద రేగిన రోజుల్లో సున్నిపిండితో రుద్దడం మానేయాలి, అమ్మమ్మ ఎంత ముచ్చటపడినా సరే. తువ్వాలుతో అద్ది, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే రాసేయాలి.

మాయిశ్చరైజర్‌తో లొంగనప్పుడు డాక్టర్ స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే భయపడి మానేయకండి. చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే మేలే చేస్తుంది. భయపడాల్సింది చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులకు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపేసి ఉంటాయి. అంచు పైకి తేలి గుండ్రంగా పాకే మచ్చ ఎగ్జిమా కాకపోవచ్చు, ఫంగస్ వల్ల వచ్చే తామర కావొచ్చు. దాని మీద అలాంటిది రాస్తే ముందు దురద తగ్గినట్టే ఉండి, లోపల్లోపల ఒళ్లంతా పాకుతుంది. అలాంటి మచ్చ కనిపిస్తే ఏదీ రాయకుండానే చర్మ డాక్టర్‌కు చూపించండి.