ఆ జవాబులు ఎవరివి?

అమెరికన్ రచయిత నీల్ డోనాల్డ్ వాల్ష్ పుస్తకం 'కాన్వర్సేషన్స్ విత్ గాడ్' (దేవుడితో సంభాషణలు) మొదటి భాగం 1995లో అమెరికాలో వచ్చింది. 1992 వసంతంలో బతుకు మీద విసుగెత్తి దేవుడికి కోపంగా ఉత్తరం రాస్తుంటే జవాబులు వచ్చాయనీ, వాటినే పుస్తకంగా రాశాననీ అంటాడాయన. ఆ జవాబులు ఎవరివన్న దగ్గరే పాఠకులు రెండుగా చీలిపోయారు.

దేవుడివే అని నమ్మినవాళ్లకి అది పెద్ద ఊరట. నరకం లేదు, దేవుడు శిక్షించడు అన్న మాట, చిన్నప్పటి నుంచీ పాపభయంతో పెరిగినవాళ్ల గుండెల మీద బరువు దించేసింది.

బైబిలే ప్రమాణమనే క్రైస్తవులు చాలామంది మాత్రం అస్సలు ఒప్పుకోలేదు. హిట్లర్ కూడా స్వర్గానికే వెళ్లాడని అందులో ఉంది. అక్కడ నేనూ పుస్తకం మూసేశాను. చంపబడ్డ లక్షలాదిమంది సంగతేంటి? అందులో చెప్పిన కారణం మళ్లీ చదివినా నా మనసు ఒప్పుకోలేదు.

అలాగని పూర్తిగా తోసెయ్యలేను. జైల్లో కూర్చుని, సీతమ్మకి చేయించిన నగలు ఏకరువు పెట్టి రాముణ్ణి నిలదీసిన రామదాసు మనవాడే కదా! దేవుడితో పోట్లాట మనకి కొత్త కాదు. కాకపోతే ఆ కీర్తనలో రాముడు బదులు పలకడు, వినిపించేదంతా అడిగేవాడి గొంతే. వాల్ష్ పుస్తకంలో దేవుడే ఎక్కువ మాట్లాడతాడు. నా కాపీలో పెన్సిల్ గీతలన్నీ ప్రశ్నల కిందే ఉన్నాయి.