ఇత్తడి చెంబుకు పొడి, దస్తావేజుకు నిన్‌హైడ్రిన్

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇంట్లో దొంగతనం జరిగి, బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు ఒకటీ, బీరువాలోంచి తీసి పడేసిన భూమి దస్తావేజు ఒకటీ మిగిలాయనుకుందాం. రెండింటినీ ఒకే చెయ్యి తాకినా, వేలిముద్రలను వెలికితీసే పద్ధతి ఒకటి కాదు.

వేలికొనల గీతల మీది రంధ్రాల నుంచి ఊరే చెమటలో అధికభాగం నీరే అయినా, లవణాలు, అమైనో ఆమ్లాలు కూడా ఉంటాయి. ముఖాన్నో జుట్టునో తాకినప్పుడు అంటిన జిడ్డు దానితో కలుస్తుంది. నున్నని ఇత్తడి ఈ పూతను పీల్చుకోదు కనుక, మెత్తని కుంచెతో అద్దిన సన్నని పొడి ఆ తడికీ జిడ్డుకీ అంటుకొని గీతలను అక్కడికక్కడే చూపుతుంది. ఆ ముద్రను ఫోటో తీసి, టేపుతో ఎత్తి భద్రపరుస్తారు. అయితే పూత ఆరేకొద్దీ పొడి పట్టు తగ్గుతుంది. కుంచె గట్టిగా తగిలితే గీతలే చెరిగిపోతాయి.

కాగితంలో చెమట నారల్లోకి ఇంకిపోయినా, అమైనో ఆమ్లాలు సెల్యులోజును పట్టుకొని అక్కడే నిలుస్తాయి. 1910లో రసాయన శాస్త్రవేత్త రూహేమన్ కనుగొన్న నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వాటితో చర్య జరిపి ఊదారంగునిస్తుంది. దానిని వేలిముద్రలకు వాడవచ్చని 1954లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఏళ్లనాటి ముద్రలు సైతం ఇలా తేలడం నాకు నిజంగా అబ్బురమనిపిస్తుంది. ఈ పద్ధతికి వ్యవధి పడుతుంది, కొంత వేడి, గాలిలో తేమ కావాలి. కానీ కాగితమే నీటిలో తడిస్తే అమైనో ఆమ్లాలు కరిగి కొట్టుకుపోతాయి. తుఫానులు తరచుగా తాకే ఈ తీరంలో అది చిన్న విషయం కాదు. అందుచేత తడవని దస్తావేజుకు నేను నిస్సందేహంగా నిన్‌హైడ్రిన్‌నే ఎంచుకుంటాను.