పల్లె రోడ్లపై సర్కారు భద్రత: సేవగా చూస్తే ఎన్ని మార్కులు?

తెలుగు రాష్ట్రాల పల్లె రోడ్లపై భద్రత పేరిట ప్రభుత్వం చేస్తున్నదాన్ని ఒక సేవగా తీసుకుని తూకం వేస్తే, ప్రమాదం జరిగాక అందే సాయం చాలావరకు నమ్మదగినదిగా ఉంది కానీ, ప్రమాదం జరగకుండా చూసే పని మాత్రం ఏ శాఖదో తెలియకుండా మిగిలిపోయింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. ఊరి పొలిమేరలో ఎవరు పడిపోయినా మొదట గుర్తొచ్చే నంబరు అదే. దానికి తోడు 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, ఏ రోడ్డుపై మోటారు వాహన ప్రమాదానికి గురైనా ఎంపిక చేసిన ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా ఉచితంగా చికిత్స పొందవచ్చు. దీన్ని జాతీయ రహదారులకే పరిమితం చేయకపోవడం మెచ్చుకోవలసిన విషయం. అయితే ఇలాంటి పథకం తేవాలని చెప్పే మోటారు వాహనాల చట్టంలోని 162వ సెక్షన్ 2022 ఏప్రిల్ నుంచే అమల్లో ఉన్నా, సుప్రీంకోర్టు 2025 జనవరిలో గడువు పెట్టేదాకా పథకం బయటికి రాలేదు. పైగా ఎంపిక కాని ఆసుపత్రిలో రోగి పరిస్థితి కుదుటపడేంత వరకే ఇది వర్తిస్తుంది కాబట్టి, మండల కేంద్రానికి దగ్గరలో అటువంటి ఆసుపత్రి లేని ఊళ్లవారికి దక్కే లాభం తక్కువే.

ఇక ప్రమాదానికి ముందు జరగవలసిన పని. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మట్టి బాటలను తారు రోడ్లుగా మార్చింది, దాంతో వేగమూ పెరిగింది. ఈ రోడ్లలో తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, ఎదురుగా ట్రాక్టరు వస్తే బైకు మట్టి అంచులోకి దిగక తప్పదు. వానలకు ఆ మట్టి కొట్టుకుపోయిన చోట తారు అంచు మెట్టులా నిలబడి ఉంటుంది, దిగిన బండి మళ్లీ పైకి ఎక్కేటప్పుడు చక్రం జారుతుంది. రోడ్డు మొదట్లో పొడవు, ఖర్చు, గుత్తేదారు పేరు రాసిన పెద్ద బోర్డు ఎక్కడైనా కనిపిస్తుంది గానీ, ముందున్న మలుపును హెచ్చరించే చిన్న బోర్డు చాలాచోట్ల కనిపించదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో ప్రాణనష్టం లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరగడం, లేదా పది మంది చనిపోవడం. పల్లె రోడ్లపై చావులు ఒక్కొక్కటిగా, ఒక్కో మలుపు దగ్గర జరుగుతాయి కాబట్టి ఇలాంటి కొలతకు అవి అందనే అందవు. ఊరి దారి హైవేలో కలిసే చోటైతే హైవే ఒక సంస్థది, దారి పంచాయతీరాజ్ శాఖది. మధ్యలో ఉన్న పది గజాలు ఎవరివీ కావు.

తెలంగాణలో వరి కోతలు అయ్యాక రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చడం ఏటా చూసేదే. చీకట్లో బైకు ఆ రాళ్లను గుద్దుకుని మనుషులు చనిపోయిన వార్తలు ప్రతి సీజన్‌లోనూ వస్తాయి. పోలీసులు హెచ్చరిస్తారు, కేసులూ పెడతారు. కానీ ఇంటి దగ్గర జాగా లేని రైతు వడ్లు ఎక్కడ ఆరబోయాలి? ఉపాధి హామీ కింద రాష్ట్రం కట్టించిన సిమెంటు కల్లాలు దీనికి నిజమైన జవాబు. 2022లో కేంద్రం ఆ ఖర్చు నిబంధనలకు విరుద్ధమంటూ 150 కోట్లకు పైగా వెనక్కి కట్టమంది. నా దృష్టిలో హెల్మెట్ ర్యాలీల కన్నా ఒక కల్లం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది, కానీ దాన్ని రోడ్డు భద్రత ఖాతాలో రాసుకున్నవారు ఎవరూ లేరు. జనవరిలో జరిపే భద్రతా మాసోత్సవాల గురించి ఇంతకన్నా రాయనక్కర్లేదు.

ఐదు మార్కులకు గాను ప్రమాదం తర్వాతి సేవకు మూడున్నర ఇస్తాను. ముందరి పనికి ఒకటి, అదీ కల్లాల కోసం.