కట్టుడు పళ్లకు ఏది మేలు: పేస్టా, సబ్బా, నానబెట్టే బిళ్లా?

పళ్ల సెట్టు కొత్తగా పెట్టించుకున్నవాళ్లలో చాలామంది ఇన్నేళ్లూ సొంత పళ్లకు వాడిన పేస్టుతోనే దాన్నీ తోముతారు. ఇవీ పళ్లే కదా అనుకుంటారు. కానీ సెట్టులో ఎక్కువ భాగం ఆక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్. పంటి పైన ఉండే ఎనామిల్ అంత గట్టిది కాదు. మరకలు వదలడానికి పేస్టులో కలిపే సన్నటి గరుకు పొడి దాన్ని గీరేస్తుంది. ఆ గీతలు కంటికి ఆనవు. కొన్నాళ్లకు నిగనిగ తగ్గి మాసినట్టు కనిపిస్తే, ఇంకా గట్టిగా తోముతారు. పాచి, ఫంగస్ స్థిరపడేది సరిగ్గా ఆ గీతల్లోనే. కాబట్టి పేస్టు సొంత పళ్లు మిగిలినవాళ్లకు, ఆ పళ్ల వరకే.

సబ్బు సంగతి చూస్తే, ఘాటు లేని చేతుల సబ్బు గానీ, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క గానీ చాలు. గీతలు పడవు, జిడ్డు వదులుతుంది, ఖర్చు లేదు. మెత్తటి బ్రష్ కావాలి. సెట్ల కోసమే అమ్మే బ్రష్‌కి ఒకవైపు వెడల్పు కుచ్చు, రెండోవైపు సన్నటి కుచ్చు ఉంటాయి. ఆ సన్నటిది చిగురుకు ఆనుకునే లోపలి గుంటల కోసం. చాలామంది బయటికి కనిపించే ముందు పళ్లను మెరిపించి, ఈ లోపలి వైపును నీళ్లతో కడిగి వదిలేస్తారు. నిజానికి పాచి పేరుకునేది అక్కడే.

నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలు మరకల్నీ వాసననీ బాగానే తగ్గిస్తాయి, క్రిముల్ని కొంతవరకు చంపుతాయి. కానీ జిగురులా అంటుకున్న పాచి పొర పూర్తిగా ఊడాలంటే బ్రష్ రాపిడి తగలాల్సిందే. కొన్ని బిళ్లల్లో పెర్‌సల్ఫేట్ అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి పడదు. దీనివల్ల వచ్చే అలర్జీల గురించి 2008లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా జారీ చేసింది. సెట్టును నానబెట్టాక బాగా కడిగే నోట్లో పెట్టుకోవాలి. బిళ్ల కలిపిన నీళ్లతో పుక్కిలించడం అసలే కూడదు.

నన్నడిగితే, ఒక్కటే ఎంచుకోవాలంటే సబ్బూ బ్రషే. బిళ్ల దానికి తోడు మాత్రమే. చేతులు వణికేవాళ్లకు, కీళ్లనొప్పులతో బ్రష్ పట్టు చిక్కనివాళ్లకు మాత్రం బిళ్ల అవసరం పెరుగుతుంది. అలాంటప్పుడు కూడా రోజుకోసారి ఇంట్లో ఇంకెవరైనా తోమిపెడితే మంచిది.

మరిగే నీళ్లలో వేస్తే ఇంకా శుభ్రమనుకోవద్దు, ఆకారం వంకర పోతుంది. బ్లీచింగ్ ద్రావణంలో గంటల తరబడి ఉంచితే రంగు వెలుస్తుంది, లోహపు కొక్కేలున్న సెట్టయితే అవి పాడవుతాయి. తోమేటప్పుడు సింకులో కొంచెం నీళ్లు నింపుకోవాలి, లేదా తువ్వాలు పరుచుకోవాలి. సబ్బు చేతిలోంచి జారే సెట్లు తక్కువేం కాదు. కింది దవడ సెట్టును రెండు కొసలూ కలిపి పిడికిట్లో నొక్కితే పడకుండానే విరగొచ్చు.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న రాత్రిది: తీసి పడుకోవాలా, పెట్టుకునే పడుకోవాలా? ఏ బిళ్ల మంచిదని వాకబు చేసేవాళ్లు దీన్ని అడగనే అడగరు. పళ్లు లేని ముఖం పక్కనున్నవాళ్లకు చూపించడం ఎందుకని మొహమాటం. అది అర్థం చేసుకోదగ్గదే, కానీ చిగుళ్లకు మొహమాటం తెలియదు. రాత్రి లాలాజలం తగ్గుతుంది. సెట్టు కింద అంగిలికి గాలి ఆడదు, కాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. అంగిలి సెట్టు ఆకారంలోనే ఎర్రబడుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు కనుక అద్దంలో చూసుకుంటే తప్ప తెలియదు. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మంది వృద్ధుల్ని మూడేళ్లు గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. సెట్టుతోనే నిద్రపోయేవాళ్లలో న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. సెట్టే దానికి కారణమని ఒక్క అధ్యయనంతో తేల్చలేం, కానీ తీసి పడుకుంటే పోయేదేమీ లేదు. ఒక మినహాయింపు ఉంది. పళ్లు తీసిన రోజే పెట్టిన సెట్టును మొదటి రోజు తియ్యొద్దని డాక్టరు చెబితే ఆ మాటే వినాలి.

తీసిన సెట్టును పొడిగా డబ్బాలో పెట్టాలా, నీళ్లలోనా? నీళ్లలోనే. ఆక్రిలిక్ ఎండిపోతే కొలతలో తేడా రావచ్చు. నీళ్లు రోజూ మార్చాలి, డబ్బానూ కడగాలి. సెట్టు బయట ఉన్నప్పుడే చిగుళ్లనూ నాలుకనూ మెత్తటి బ్రష్‌తో గానీ తడిగుడ్డతో గానీ తుడుచుకోవాలి.

ఇక వదులైన సెట్టుకు జిగురు పేస్టు వాడడమా, లోపలి వైపు మళ్లీ సరిచేయించడమా? పళ్లు పోయాక దవడ ఎముక ఏళ్ల తరబడి అరుగుతూనే ఉంటుంది, కింది దవడలో మరీ ఎక్కువ. సెట్టు మారదు, దవడ మారిపోతుంది. సరిగ్గా కూర్చునే సెట్టుకు రెండు మూడు చుక్కల జిగురు తప్పేం కాదు. నెలనెలకీ ట్యూబు త్వరగా అయిపోతోందంటే మాత్రం జిగురు మార్చడం కాదు, డాక్టరు దగ్గర రీలైనింగ్, అంటే లోపలి వైపు సరిచేయడం, చేయించాలి. జింక్ ఉన్న జిగురును ఏళ్ల తరబడి అతిగా వాడితే ఒంట్లో రాగి తగ్గి నరాలు దెబ్బతినొచ్చు, కొనేముందు జింక్ లేనిదేనా అని చూసుకోండి.

ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే కొందరు ఇంట్లోనే ఆకురాయితో గీకేస్తారు. గీకింది తిరిగి రాదు, సెట్టు ఇంకా వదులవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు కొన్ని గంటలైనా సెట్టు పెట్టుకుని వెళ్తే, ఎక్కడ నొక్కుతోందో చిగురు మీది ఎర్రటి గుర్తే చూపిస్తుంది.