ఆదివారపు అంశం: అయ్యగారి ఇష్టమా, పుస్తకం వరుసా, అచ్చు పట్టికా?

నవంబరు వచ్చిందంటే మా సంఘ కమిటీలో ఒక తగువు తప్పదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారంతో క్రైస్తవ సంవత్సరం మారుతుంది కాబట్టి, వచ్చే ఏడాది ఆదివారాలకు అంశాలు ఎలా పెట్టుకోవాలో ఆలోపే తేల్చాలి. తిరుపతి శివార్లలో మాది చిన్న గుడి. అయ్యగారు, అంటే మా పాస్టరు, మరో మూడు ఊళ్లు చూసుకోవాలి. నెలలో రెండు ఆదివారాలు వాక్యం చెప్పేది నాలాంటి పెద్దలే. అందుకని ఇది మాకు వేదాంత చర్చ కాదు, శనివారం రాత్రి బైబిల్లో ఏ పేజీ తెరవాలన్న బెంగ.

అన్నిటికన్నా సులువు, వాక్యం చెప్పేవారి ఇష్టానికి వదిలేయడం. ఆ వారం ఎవరింట్లో చావు జరిగింది, ఎవరికి ఉద్యోగం పోయింది అన్నది అయ్యగారికి తెలిసినట్టు, ఏ ఆదివారం ఏ పాఠమో ముందే అచ్చువేసిన ఏ పట్టికకూ తెలియదు. కానీ ఒకే గుడికి పదేళ్లు వెళ్లినవారు విన్న ప్రసంగాలు లెక్కపెట్టుకుంటే సంగతి అర్థమవుతుంది. ఇరవైమూడో కీర్తన, తప్పిపోయిన కుమారుడు, యెషయా 53, డిసెంబరు 31 రాత్రి ఒక వాగ్దాన వచనం. ప్రహరీ గోడకు డబ్బు తగ్గితే మలాకీ 3:10. నేనేమీ తక్కువ తినలేదు. యోనా మీద మూడుసార్లు చెప్పాను, మూడోసారి పిల్లలే నాకన్నా ముందు చేప దగ్గరికి చేరుకున్నారు. మనకు నచ్చినదే మనం తెరుస్తాం. దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, ఇవ్వమనే ఆ మలాకీ వచనం చాలా సంఘాలు వాడే మూడేళ్ల పఠన పట్టికలో ఒక్క ఆదివారం కూడా రాదు. ఈ మాట కమిటీలో అన్నప్పుడు మా కోశాధికారి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో దారి ఒక పుస్తకాన్ని మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా చదువుకుంటూ పోవడం. దీనికి పెద్ద వంశమే ఉంది. జ్యూరిక్‌లో సంస్కరణోద్యమ బోధకుడు జ్వింగ్లీ 1519 జనవరి 1న అప్పటి పఠనాల క్రమాన్ని పక్కనపెట్టి మత్తయి సువార్తను మొదటినుంచి వరుసగా బోధించడం మొదలుపెట్టాడు. 1538లో జెనీవా నుంచి వెళ్లగొట్టిన మరో సంస్కర్త కాల్విన్‌ను 1541లో మళ్లీ పిలిస్తే, ఎవరినీ ఒక్క మాట అనకుండా తాను ఆగిపోయిన చోటి నుంచే అందుకున్నాడు. ఆ కోపం లేని కోపం నాకు చాలా ఇష్టం. 1853లో ఏర్పడి చిత్తూరు ప్రాంతంలో పనిచేసిన ఆర్కాటు మిషన్ కూడా ఆ సంస్కరణ శాఖ నుంచి వచ్చినదే. ఈ పద్ధతిలో కష్టమైన అధ్యాయాన్ని దాటవేయడానికి వీలుండదు, అదే దీని బలం.

మా గుడిలో మాత్రం ఇది రెండుసార్లు విఫలమైంది. మా సభ్యుల్లో రుయాలో, స్విమ్స్‌లో పనిచేసే నర్సులు ఎక్కువ. డ్యూటీల వల్ల మూడు ఆదివారాలకు ఒకసారి వస్తారు. రోమా పత్రిక (పౌలు రాసిన ఉత్తరం) మూడో అధ్యాయంలో వెళ్లినవారు తిరిగొచ్చేసరికి మేము ఆరులో ఉంటాం. విశ్వవిద్యాలయం హాస్టళ్ల పిల్లలు సెలవులకు ఊళ్లకు వెళ్లి వస్తే తల ఎక్కడో తోక ఎక్కడో తెలియదు. పైగా లేవీయకాండం మధ్యలో ఉండగా క్రిస్మస్ వచ్చిపడుతుంది.

ఇక అచ్చు పట్టికలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ ఇవి ఒక రకం కావు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పట్టికలో ప్రతి ఆదివారానికీ ఒక అంశం ముందే ఉంటుంది, దానికి తగిన పాఠాలు పక్కన ఉంటాయి. దీని మేలు కాదనలేనిది. పర్యావరణం గురించో, వికలాంగుల గురించో ఎవరూ చెప్పమనకపోతే మేము ఏడాదికొకసారైనా మాట్లాడేవాళ్లం కాదు. నవంబరు రెండో ఆదివారం దళిత విమోచన ఆదివారంగా పాటించడం కూడా అలా వచ్చిందే. అయితే శీర్షిక ముందే చదివినవాడికి పాఠం చెవికెక్కదు. ‘కృతజ్ఞత’ అని పైన రాసి ఉంటే, కింద యేసు ఎంత కోపంగా మాట్లాడినా మనకు కృతజ్ఞతే వినిపిస్తుంది.

లూథరన్ల పాత ఏకవర్ష క్రమం సంగతి ఇక్కడ చెప్పకపోతే బాగుండదు, తిరుపతికి హెర్మన్స్‌బర్గ్ నుంచి జర్మన్ మిషనరీలు వచ్చారు కదా. ఏటా అదే ఆదివారం అదే సువార్త. చదువు రానివారికి కూడా కంఠతా వచ్చేస్తుంది. మాకు మూడేళ్ల వైవిధ్యం కావాలి కాబట్టి దాన్ని పక్కనపెట్టాం.

మిగిలింది మూడేళ్ల పట్టిక. కథోలికులు 1969లో తెచ్చిన క్రమాన్ని ఆధారం చేసుకుని ప్రొటెస్టంటు సంఘాల కోసం సవరించిన ఉమ్మడి పట్టిక 1992లో వచ్చింది. ప్రతి ఆదివారానికీ పాత నిబంధన పాఠం, కీర్తన, పత్రిక, సువార్త అని నాలుగు పఠనాలు. ఈ మూడేళ్లకు ‘ఏ’, ‘బి’, ‘సి’ అని పేర్లు. ‘ఏ’ లో మత్తయి, ‘బి’ లో మార్కు, ‘సి’ లో లూకా ప్రధానం. యోహాను మూడింటిలోనూ పండుగల దగ్గర కనిపిస్తాడు. సంవత్సరం అంకెను మూడుతో భాగిస్తే శేషం లేకపోతే అది ‘సి’. అలా 2025 ‘సి’ అయింది, 2025 నవంబరు 30న మొదలయ్యేది ‘ఏ’.

ఈ పట్టిక మీద నాకు గురి కుదిరింది 2021 నవంబరులో. వానలకు తిరుపతి వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. 21వ తేదీ ఆదివారం, ఆ క్రైస్తవ సంవత్సరంలో చివరిది, క్రీస్తు రాజు పండుగ. కరెంటు లేదు. వచ్చింది పదిహేనుమంది. ఏమీ సిద్ధం చేసుకోలేదు కదా అని పట్టిక తీస్తే, ఆ రోజుకు ఇచ్చిన రెండు వరుసల పాఠాల్లో ఒకదాంట్లో 93వ కీర్తన ఉంది, వరదలు గొంతెత్తి హోరెత్తడం, వాటి హోరును మించినవాడు ఒకడున్నాడనడం. నేను ప్రసంగం చేయలేదు, రెండుసార్లు చదివి కూర్చున్నాను. అది ఆ రోజు కుదిరింది, ప్రతిసారీ కుదరదు. తరువాత తెలిసిన చిత్రమేమిటంటే, కథోలిక పట్టిక కూడా ఆ రోజుకు అదే కీర్తన ఇచ్చింది గానీ వరదల మాట ఉన్న 3, 4 వచనాలను విడిచిపెట్టింది.

పట్టికల అసలు లోపం ఇదే, చేదు ముక్కలు తీసి వడ్డించడం. న్యాయాధిపతుల గ్రంథం నుంచి మూడేళ్లలో వచ్చేది ఒక్క పాఠం, దెబోరా దగ్గరి ఏడు వచనాలు. తండ్రి మొక్కుకు బలైన యెఫ్తా కూతురి ఊసే లేదు. నహూము, ఓబద్యా గ్రంథాలు ఆదివారం మొహం చూడవు.

2023 జులైలో ఇది నాకు నేరుగా తగిలింది. ‘ఏ’ సంవత్సరం జులైలో వరుసగా విత్తువాని ఉపమానం, గురుగుల (పైరులో కలుపు) ఉపమానం, ఆవగింజ వస్తాయి. మన చిత్తూరు వైపు వేరుశనగ విత్తే రోజులే అవి. ఎక్కడో కూర్చుని పట్టిక రాసినవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. గురుగుల ఆదివారం చదివే ఆ ఉపమానంలో దాసులు ‘వెళ్లి పీకేద్దామా’ అంటారు, యజమాని కోతదాకా ఆగమంటాడు. ఆ రోజుకు ఇచ్చిన కీర్తన 139, అయితే 12వ వచనం దగ్గర ఆగి 23కు దూకుతుంది. మధ్యలో 19 నుంచి 22 వరకు ఏముందంటే, దేవా దుష్టులను చంపు, నేను వాళ్లను పూర్తిగా ద్వేషిస్తున్నాను అన్న మొర. అంటే దాసుల మాటే! పీకేద్దామన్న గొంతును కీర్తనలోంచి తీసేసి, వద్దన్న జవాబును మాత్రం సువార్తలో చదవమన్నారు. ప్రశ్న లేని జవాబు అది.

మేము ఆ నాలుగు వచనాలూ కలిపి చదివాం. ఆరాధన అయ్యాక ఒక అవ్వ నన్ను ఆపి, “అయ్యా, వేరుశనగలో ఊడలు దిగాక మేమూ కలుపు పీకము, కదిలిస్తే కాయ పోతుంది” అంది. నలభై నిమిషాల నా వివరణ ఆ ఒక్క మాటకు సరిరాదు. ముందే ఆమెను అడిగి ఉంటే పది నిమిషాల్లో ముగించేవాణ్ణి.

కాబట్టి ఈసారి కమిటీలో నా ఓటు మూడేళ్ల పట్టికకే, మూడు మెలికలతో. ఆగమనం నుంచి పెంతెకొస్తు పండుగ (ఈస్టర్ తరువాత ఏడో ఆదివారం) దాకా పట్టిక ఎలా ఉంటే అలాగే. ఆ తరువాతి ఆరు నెలల్లో పట్టికే రెండు వరుసలు ఇస్తుంది. ఒకదాంట్లో పాత నిబంధన పాఠం సువార్తకు జోడీగా ఏరినది. రెండోదాంట్లో ఆదికాండం మొదలుకుని కథ వారంవారం సాగుతుంది. నాలుగు పఠనాలకూ ఒకే అంశం కావాలనుకునేవారికి మొదటిది. మాకు రెండోది. జ్వింగ్లీ పద్ధతిలోని బలం కొంతైనా దక్కుతుంది, ఒక వారం రాని నర్సుకు సువార్తలోని ఉపమానమైనా పూర్తిగా అందుతుంది. ఇందులో మొదటి పాఠాన్ని సువార్తకు బలవంతంగా ముడిపెట్టనక్కర్లేదు. గురుగుల ఆదివారానికి ఈ వరుసలో వచ్చే యాకోబు కలలోని నిచ్చెనకు గురుగులతో ఏ సంబంధమూ లేదు, వెతకవద్దు.

విడిచిన వచనాలను మేము కలిపి చదువుతాం, ఇది రెండో మెలిక. మూడోది, అంశం బోర్డు మీద ముందుగా రాయకపోవడం. వాక్యం చెప్పేవారు శుక్రవారం సాయంత్రం ముగ్గురు సభ్యులతో కూర్చుని నాలుగు పఠనాలూ చదివి, వారి నోట వచ్చిన మాటనే అంశంగా పెట్టుకోవాలి. వరదో చావో వస్తే పట్టికను మూసేసే హక్కు అయ్యగారిదే.

యువకులకు శీర్షిక లేకపోవడం నచ్చలేదు, వాట్సాప్‌లో పెట్టడానికి ఏమీ ఉండదట. శనివారం పెట్టుకోమన్నాను. గురుగుల ఆదివారం మళ్లీ 2026 జులై 19న వస్తోంది. ముందు శుక్రవారం కూర్చునే ముగ్గురిలో అవ్వ పేరు ఇప్పుడే రాసి పెట్టాను.