రెండు నిమిషాల్లో మరక మాయం అనే సీసా కొనకండి, దయచేసి చదవండి

పోయిన నెల మా ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. అక్కడ ఒక స్టాల్‌లో మరకల మందు కొన్నాను, అర లీటరు 299 రూపాయలు. ఏ బట్టైనా, ఏ మరకైనా రెండే నిమిషాలు అన్నాడు అమ్మే అబ్బాయి. తెల్లగుడ్డ మీద ఇంకు పోశాడు, టించర్ అయోడిన్ పోశాడు, పైన మూతెడు మందు వేశాడు. కళ్ళ ముందే గుడ్డ తెల్లగా అయిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు కొంటుంటే నేనూ కొన్నాను.

మా చెల్లి మంగళస్నానాల రోజు అమ్మ కట్టుకున్న మంగళగిరి చీర మీద పసుపు పడింది. ఆకుపచ్చ నూలు చీర, జరీ అంచు. సబ్బు పెట్టగానే మరక ఎర్రగా తిరిగింది. సబ్బులో క్షారం తగిలితే పసుపు అలాగే ఎర్రబడుతుందని అప్పుడు నాకు తెలియదు. కంగారుపడి ఈ సీసా తీశాను.

పసుపు పోయింది. దాంతోపాటు చీర రంగూ పోయింది. మందు పడ్డ ప్రతి చోటా సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలు. జరీ నల్లబడింది. నా వేళ్ళు ఎన్నిసార్లు కడిగినా సబ్బు రాసుకున్నట్టు జారుతూనే ఉన్నాయి. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువైన రోజు వచ్చే వాసన, దానికి పదింతలు. సీసాలో ఉన్నది ఘాటు బ్లీచే అని నా నమ్మకం. ఇంకునీ అయోడిన్‌నీ బ్లీచ్ ఇట్టే తెల్లబరుస్తుంది. అందుకే ఆ అబ్బాయి తెల్లగుడ్డ తప్ప రంగుగుడ్డ ముట్టుకోలేదు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను. వాసన పోవాలంటే వెనిగర్ వేయమని పక్కింటి అక్క చెప్పింది. మందు కలిపిన బకెట్లోనే అరకప్పు పోశాను, బాత్రూమ్ తలుపు వేసే ఉంది. రెండు క్షణాల్లో గొంతులో కారం కొట్టినట్టైంది, కళ్ళు తెరవలేకపోయాను, ఊపిరి అందలేదు. బయటికి పరిగెత్తాను. ఆ రాత్రంతా దగ్గు. బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ కడిగే యాసిడ్, పులుపున్నది ఏది కలిసినా క్లోరిన్ విషవాయువు వస్తుంది. మా బాబు ఆ పూట ఆ బాత్రూమ్‌లో స్నానం చేస్తుంటే ఏమయ్యేదో తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

చివరికి వాసన తగ్గించింది మంచినీళ్ళే. నీళ్ళు మారుస్తూ మారుస్తూ నాలుగు సార్లు నానబెట్టి, గాలి తగిలేలా ఆరేశాను. సువాసన లిక్విడ్ వేస్తే ఆ పూటకి కప్పిపెడుతుంది అంతే. ఇంత చేసినా మచ్చల దగ్గర నూలు పట్టి లాగితే చిరిగిపోతోంది. పట్టు, ఉన్ని అయితే బ్లీచ్ పోగునే తినేస్తుంది, వాటి దగ్గరికే రానివ్వకండి. పసుపు మరకకైతే సబ్బుతో ఉతికి, తడిగా ఉండగానే ఎండ నేరుగా మరక మీద పడేలా ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. ఆ పని ముందే చేసి ఉంటే అమ్మ చీర దక్కేది.

సీసా మీద స్టిక్కర్ ఇంటికొచ్చాక చూశాను. తయారీదారు పేరు లేదు, అడ్రస్ లేదు, తయారైన నెల లేదు, ఏం కలిపారో లేదు. ఒక ఫోన్ నంబరుంది, అది స్విచ్ఛాఫ్. రసీదు అడగలేదు, అది నా తప్పు. మీరు కొంటే రసీదు తీసుకోండి, మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఏ మందైనా ముందు కుట్టు లోపలి అంచున ఒక్క చుక్క వేసి, ఆరాక చూడండి.

ఇలాంటి సీసా ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఈరోజే బాత్రూమ్ యాసిడ్ పక్కనుంచి తీసి, పిల్లలకి అందని చోట పెట్టండి.