ఫాస్టాగ్ వార్షిక పాస్: కారులో ఊరెళ్లే మా ఇంటి లెక్క

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమ వెళ్లాలంటే మా నలుగురికీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. రైలు టికెట్లు చూస్తుండగానే వెయిటింగ్ లిస్టులోకి పోతాయి. పండగ రోజుల్లో ప్రైవేటు బస్సుల రేట్లు వింటే కళ్లు తిరుగుతాయి. అందుకని మా పాత వ్యాగనార్‌నే నమ్ముకున్నాం. ఇంటి పద్దు రాసేది నేనే కాబట్టి, ఈ జనవరిలో తీసుకున్న ఫాస్టాగ్ వార్షిక పాస్ ఎలా ఉందో చెబుతాను.

టోల్ గేటు గేటుకీ విడిగా కట్టకుండా, ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టేసే ఈ పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది. మేం కొన్నప్పుడు ధర ₹3000. ఏడాది గడువు లేదా 200 ట్రిప్పులు, ఏది ముందు పూర్తయితే అక్కడితో సరి. చాలామంది ట్రిప్పు అంటే ఊరెళ్లి రావడం అనుకుంటున్నారు. కాదు, మన దారిలో ఒక్కో టోల్ గేటు దాటడం ఒక్కో ట్రిప్పు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర దాటితే విజయవాడ. ఆ తర్వాత పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు. అంటే పోనూ రానూ పదిహేను దాకా ట్రిప్పులు పోతాయి. అయినా 200 ట్రిప్పులూ వాడుకుంటే గేటుకు పడేది 15 రూపాయలే. విడిగా కడితే ఒక్కోచోట వంద అటూ ఇటూ అవుతుంది. ఏడాదిలో మూడుసార్లు ఊరెళ్లే ఇంటికి పాస్ డబ్బులు వచ్చేసినట్టే. ఒక్క పండక్కి మాత్రమే వెళ్లేవాళ్లకు దండగ.

కొనడం తేలికే. రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో బండి నంబర్ కొట్టి యూపీఐతో కట్టేశాను. కొత్త ట్యాగ్ అక్కర్లేదు, అద్దానికి ఉన్నదే పనిచేస్తుంది. కాకపోతే ఆ ట్యాగ్ బండి నంబర్ మీద ఉండాలి. షోరూమ్‌లో ఛాసిస్ నంబర్‌తో ఇచ్చినదైతే ముందు మార్పించుకోవాలి. మొదలవడానికి రెండు గంటల దాకా పట్టొచ్చు కాబట్టి, తెల్లారి నాలుగింటికి బయల్దేరేవాళ్లు రాత్రే కొనేసుకోండి.

దారిలో ఒక టోల్ దగ్గర మాత్రం స్కానర్ మా ట్యాగ్‌ని చదవలేదు. వెనక హారన్లు, ముందు ఎత్తని గేటు, మా ఆయనకు టెన్షన్. ఓ కుర్రాడు చేతి మెషిన్ పట్టుకుని బానెట్ మీదకి వంగి, అద్దం దుమ్మును చొక్కా చేతితో తుడిచి, రెండోసారి పెడితే గాని "కీక్" అనలేదు. పాస్ ఉన్నంత మాత్రాన క్యూ తప్పదు.

అసలు తిరకాసు వేరే ఉంది. ఇది జాతీయ రహదారులకే చెల్లుతుంది. మా తమ్ముడు మియాపూర్‌లో ఉంటాడు. నా మాట విని పాస్ తీసుకుని, రింగ్ రోడ్డు దిగగానే ఫోన్ చేశాడు: "అక్కా, పాస్ ఉందిగా, మళ్లీ డబ్బులు కట్ అయ్యాయేంటి?" అవుటర్ రింగ్ రోడ్డు రాష్ట్రానిదిరా అని చెప్పాల్సి వచ్చింది. కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి మీద కూడా అంతే. కాబట్టి ఫాస్టాగ్ వాలెట్‌లో ఓ మూడు నాలుగొందలు ఉంచుకోవాల్సిందే. ట్యాక్సీలకు ఈ పాస్ ఇవ్వరు, సొంత కార్లకే.

మిగతా పొదుపు మన చేతిలోదే. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. పెట్రోలు కోదాడలో నింపేస్తాం, బోర్డర్ దాటితే లీటరుకు రూపాయో రెండో ఎక్కువ. అలా మిగిల్చిందంతా మా ఆయన ఖర్చు పెట్టేస్తున్నారు, అది వేరే సంగతి. "టోల్ లేదు కదా, పద" అంటూ ఆదివారమొస్తే బండి తీస్తున్నారు. పెట్రోలు బంకు వాడు పాస్ చూడడు కదా!

వాడని ట్రిప్పులు వచ్చే ఏడాదికి కలవవు, డబ్బు తిరిగి రాదు. అందుకని మొదలుపెట్టే రోజు చూసుకోండి. మేం జనవరి 12 రాత్రి కొన్నాం. వచ్చే సంక్రాంతికి ఒకటి రెండు రోజులు ముందే కదిలితే వెళ్లే దారంతా ఇదే పాస్‌లో పోతుంది. పదో తారీఖు నుంచే సెలవు పెట్టమని మా ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచాను.